రెండు చేతుల గాలం

కాశీవిశ్వనాథాన్ని ఎరగని తెలుగువాళ్ళు బర్నబీలో తక్కువ. ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఇంకా తక్కువ. ఎవరింటికి భోజనానికి పిలిచినా చొక్కా చేతులు మడిచి వంటింట్లో దూరిపోతాడు. ఉల్లిపాయలు తరుగుతాడు, గిన్నెలు తోముతాడు, ఇంటివాళ్ళు మొహమాటపడి లాక్కోబోతే గిన్నె వీపు వెనక దాచుకుంటాడు. గృహప్రవేశాల్లో కుర్చీలు మోస్తాడు. పుట్టినరోజు పార్టీల్లో బెలూన్లు ఊదుతాడు. "పెద్దవారు, కాసేపు కూర్చోండి అంకుల్" అని ఎవరైనా బతిమాలితే, "కూర్చోవడానికి మా ఆవిడ ఉందిగా" అని భార్య శకుంతలని చూపించి తప్పించుకుంటాడు.

రోడ్ల శాఖలో వంతెనల ఇంజనీరుగా పనిచేసినన్నాళ్ళూ ఈ గుణం అందరికీ ముద్దుగానే ఉండేది. రిటైరయ్యాక ముదిరింది. ఒక వారం గరాజ్‌లో సామానంతా బయటపెట్టి మళ్ళీ లోపల పెట్టాడు. ఇంకో వారం పోపుల డబ్బాలన్నిటికీ పేర్లు అంటించాడు. పక్కింటి చైనా ముసలాయన అడక్కుండానే ఆయన వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడని శకుంతల ఎక్కడో దూరాన ఏజాక్స్ అనే ఊళ్ళో ఉన్న కూతురికి ఫోన్ చేసి చెప్పింది. "డాడ్ నీడ్స్ ఎ హాబీ, అమ్మా" అని మధుమిత తేల్చేసింది.

హాబీ కాదు ఆయనకి కావలసింది. పని. అదీ ఒళ్ళంతటికీ కాదు, కుడిచేతికి.

కిందటి వసంతం నుంచీ ఆ చెయ్యి ఆయన మాట వినడం మానేసింది. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ కలిసి దీపానికి ఒత్తి చేస్తున్నట్టు నెమ్మదిగా ఆడడం మొదలుపెడతాయి. చూస్తుండగా మణికట్టు దాకా పాకుతుంది. కత్తి పట్టుకుంటే ఆగిపోతుంది. గిన్నె పట్టుకుంటే ఆగిపోతుంది. పని చేస్తున్న చెయ్యి మంచి చెయ్యి, ఊరికే ఉన్న చెయ్యి దొంగ చెయ్యి. ఆ సంగతి కనిపెట్టేశాక ఆ చేతికి ఖాళీ లేకుండా చూసుకోవడమే ఆయన బతుకైపోయింది. మామూలు మనిషైతే ఈపాటికి దొరికిపోయేవాడే. జీవితమంతా కాలు నిలవని మనిషి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ జబ్బు పేరు ఆయనకి తెలుసు. బాగా తెలుసు. శకుంతల బర్నబీలో ముప్ఫై ఏళ్ళకి పైగా ఫ్యామిలీ డాక్టరు, కిందటేడే ప్రాక్టీసు మూసింది. రోగం దాచుకోడానికి అంతకన్నా చెడ్డ ఇల్లు ఉంటుందా? ఆమె ఒక్కసారి తీరిగ్గా ఆయన చేతివంక చూస్తే అయిపోయె. చూసే వీలివ్వకూడదు. సోఫాలో కూర్చోవాల్సి వస్తే చెయ్యి తొడ కింద పెట్టుకునేవాడు. వాకింగ్‌లో జేబులో పెట్టుకునేవాడు. గుడికి వెళితే తీర్థం దగ్గర చిక్కొచ్చింది. వరసలో దోసిలి పట్టి పంతులుగారి కోసం నిలబడి ఉండగా చెయ్యి మొదలెట్టింది, ఉద్ధరిణెడు తీర్థంలో సగం చొక్కా మీద పడింది. "తాగే తీర్థం తక్కువ, స్నానం ఎక్కువ" అని ఆయనే ముందు నవ్వేశాడు. ఆ తర్వాత గుడి మానేశాడు. ఆదివారం రాగానే ఏదో ఒక పని తగిలేది.

ఎందుకింత దాపరికం? ఆమె తిడుతుందనా? కాదు. పిరికివాడా అంటే అదీ కాదు, రెండు బైపాస్‌ల వంతెనలు కట్టించిన మనిషి. శకుంతల తండ్రి వెంకటసుబ్బయ్య గారు చివరి రోజుల్లో వీళ్ళింట్లోనే ఉండేవారు, కింది గదిలో. ఆయనకీ ఇదే జబ్బు. మొదట చెయ్యి, తర్వాత నడక, ఆ తర్వాత మింగడం. శకుంతల క్లినిక్ నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా ఆయన పక్కన కూర్చుని, మెత్తగా పిసికిన పెరుగన్నం చెంచాతో పెట్టేది. ఒక్కో ముద్ద మింగే దాకా గొంతు మీద వేలు పెట్టి చూసేది. ఏళ్ళ తరబడి అదే పని. ఆయన పోయి, కర్మలన్నీ అయ్యి, చుట్టాలంతా వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం సింకు దగ్గర ఆ గిన్నే చెంచా కడుగుతూ, వెనక్కి తిరక్కుండా ఒక మాట అంది.

"ఇంకోసారి ఇది నా వల్ల కాదండీ. ఎవరికైనా సరే."

అని, చేతులు తుడుచుకుని పైకి వెళ్ళిపోయింది. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డ కాశీవిశ్వనాథానికి మాత్రం ఆ మాట లోపల దిగబడిపోయింది. చెయ్యి మొట్టమొదటిసారి వణికిన రోజున ఆయనకి ముందు గుర్తొచ్చింది చావూ కాదు, మంచమూ కాదు. ఆ మాటే.

ఇలా ఇంట్లో నిలవలేక, బయట పని దొరక్క, డీర్ లేక్ పార్కులో గబగబా నడుస్తున్న ఒక సాయంత్రం ఆయనకి రేవంత్ కనిపించాడు. రేవంత్‌ది వరంగల్. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మేనేజరు, నలభైకి దగ్గర పడ్డ మనిషి. గడ్డి మీద నిలబడి, తన కంటే రెండింతలు పొడుగున్న సన్నటి కర్రని రెండు చేతులా పట్టుకుని, దాని చివర కట్టిన పచ్చటి లైనుని గాల్లో తిప్పుతున్నాడు. లైను చివర గాలం లేదు, ఎర్ర ఉన్ని పీలిక ఒకటి కట్టి ఉంది. కుక్కల్ని తిప్పేవాళ్ళు ఎడంగా జరిగి పోతున్నారు.

"ఏం పడుతున్నావయ్యా గడ్డిలో?" అన్నాడు కాశీవిశ్వనాథం.

"మీరు తెలుగా అంకుల్! ప్రాక్టీసు. స్క్వామిష్ నదిల స్టీల్‌హెడ్ చేపల కోసం. పట్టి చూస్తరా?"

చేతికి పని ఇస్తానంటే వద్దనే మనిషా ఆయన. కర్ర అందుకున్నాడు. రేవంత్ చెప్పినట్టు కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. లేపి, పక్కనుంచి వెనక్కి తిప్పి, ముందుకి కొట్టాడు. లైను ముద్దలా వచ్చి నెత్తిన పడింది. రేవంత్ పగలబడి నవ్వాడు. కాశీవిశ్వనాథం నవ్వలేదు. కర్ర ఎత్తిన దగ్గర్నుంచి లైను నెత్తిన పడేదాకా ఆ చెయ్యి తనది. పూర్తిగా తనది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కూడా అంత నిశ్చింత ఉండదు. "ఇంకోసారి" అన్నాడు.

అలా పట్టుకుంది పిచ్చి. చీకటి పడేలోపు రోజూ పార్కుకి వెళ్ళడం, వారాంతం రేవంత్ కారులో స్క్వామిష్‌కి వెళ్ళడం. ఆ నది ఒడ్డున వెనకంతా దేవదారు చెట్లు. మామూలు గాలపు కర్రతో లైనుని వెనక్కి విసిరితే కొమ్మల్లో చిక్కుకుంటుంది. అందుకే ఈ రెండు చేతుల పద్ధతి. స్కాట్లండ్‌లో స్పే అనే నది మీద పుట్టింది కాబట్టి స్పే కాస్టింగ్ అంటారు. లైనుని వెనక్కి విసరరు. నీళ్ళలోంచి నెమ్మదిగా లేపి పక్కనుంచి తిప్పుకొస్తారు, కొస మాత్రం నీటిని అంటిపెట్టుకునే ఉంటుంది. వెనకాల లైను పొట్టలా ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపు నిండిన క్షణం చూసి ముందుకి కొట్టాలి. తొందరపడితే ముద్ద. ఆలస్యమైతే ఇంకా పెద్ద ముద్ద.

కాశీవిశ్వనాథం ప్రతి విసురూ, వాళ్ళ భాషలో కాస్టు, కుడిచేత్తోనే కొట్టేవాడు. బలమంతా పైచేతిలో పెట్టి, భుజంతో తోసేవాడు.

"అట్లా కాదంకుల్," అని రేవంత్ తల పట్టుకునేవాడు. "పైచెయ్యి ఊరికే దారి చూపెట్టాలె. పని చేసేది కిందిచెయ్యి. దాన్ని పొట్టకేసి గుంజాలె."

"ఎడమచేత్తో పనేంటయ్యా? చిన్నప్పుడు ఎడమచేత్తో పుస్తకం అందిస్తేనే మా నాయనమ్మ మొట్టికాయ వేసేది."

"ఇక్కడ మీ నాయనమ్మ లేదు. మజ్జిగ చిలికేది చూసిన్రా ఎప్పుడన్నా? కవ్వం తాడు ఒక చెయ్యి గుంజుతుంటే ఇంకో చెయ్యి ఇస్తది. రెండూ గుంజితే తాడు తెగుతది. అంతే ఇది."

కాకినాడలో తల్లి చల్ల చిలికే పద్ధతి గుర్తు చేసుకుని ఆయన అలాగే చేశాడు. కుడిచెయ్యి ఇచ్చింది, ఎడమచెయ్యి లాగింది. లైను వెనక నుంచి విచ్చుకుంటూ తల మీదుగా పోయి, నదికి అడ్డంగా అంత దూరాన చప్పుడు లేకుండా పరుచుకుంది. కాశీవిశ్వనాథానికి కళ్ళు చెమర్చాయి. మంచు నీళ్ళలో నడుం దాకా నిలబడి ఉన్నందువల్ల కాదు. అరవై దాటాక తన ఒంటితో కొత్తగా ఒక పని చేతనవుతుందని ఆయన అనుకోలేదు.

చేప మాత్రం పడలేదు. ఒక్కటీ పడలేదు. ఆదివారం సాయంత్రాలు వాట్సాప్‌లో మిత్రులు "పులుసు ఎప్పుడండీ" అని గిల్లేవాళ్ళు. పడ్డా, నదిలోనే పుట్టి పెరిగిన స్టీల్‌హెడ్‌ని వదిలెయ్యడమే అక్కడి చట్టమని చెబితే, "వదిలెయ్యడానికి అంత దూరం పెట్రోలు కాల్చుకుని వెళ్ళాలా?" అని విస్తుపోయేవాళ్ళు. రాగిణి అనే ఆవిడ "చేపలే మిమ్మల్ని వదిలేస్తున్నట్టున్నాయి" అని రాసి నవ్వుతున్న బొమ్మలు బోలెడు పెట్టింది.

ఎందుకు పడడం లేదో కనిపెట్టింది రేవంతే. ఈ వేటలో కాస్టు వెయ్యడం సగం పని కూడా కాదు. లైను అవతలి వైపు పడ్డాక నది దాన్ని తీసుకుంటుంది. చివరన గాలానికి ఈకలూ దారాలూ చుట్టి కట్టిన దొంగ ఈగ ప్రవాహంలో నెమ్మదిగా వంపు తిరుగుతూ, మన దిగువన ఒడ్డు వరకూ వస్తుంది. అంతసేపూ మనిషి చెయ్యాల్సిందేమీ లేదు. కర్ర పట్టుకుని ఊరికే నిలబడాలి. చాలామటుకు చేప ఆ తిరుగుడు చివర్లో, ఈగ ఒడ్డు దగ్గర వేలాడుతున్నప్పుడే కొడుతుంది. అది పూర్తయ్యాకే రెండడుగులు దిగువకి వేసి మళ్ళీ కాస్టు వెయ్యాలి. కాశీవిశ్వనాథం అంతదాకా ఆగేవాడు కాదు. ఈగ నది మధ్యకి రాకముందే లైను లాగేసి ఇంకో కాస్టు కొట్టేవాడు.

"అంకుల్, మీరు ఫిషింగ్ చేస్తలేరు. చాకిరేవు పెట్టిన్రు," అన్నాడు రేవంత్ ఒకరోజు విసిగిపోయి. "కాస్టు నాకన్నా మంచిగ పడుతుంది. ఆగనీకి ఏమైతది మీకు?"

"నాకు ఆగడం అలవాటు లేదయ్యా," అన్నాడు కాశీవిశ్వనాథం. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఆగితే ఏమవుతుందో ఆయనకే తెలుసు. లైను నీళ్ళమీద వాలి, చేతులకి పని అయిపోగానే, కుడిచెయ్యి మొదలెడుతుంది. కర్ర పొడుగైనది, పిడి దగ్గర చిన్న వణుకు కొస దగ్గరికి వెళ్ళేసరికి పెద్దదవుతుంది. ఆ కొస నుంచి లైను నీళ్ళని తాకే చోట సన్నటి అలలు వరసగా పుడతాయి. ఇంట్లో తొడ కింద, జేబులో దాచుకున్నదాన్ని నది అంత పొడుగున రాసి చూపించేది. ఒకసారి ఆ అలల్ని చూసినప్పటినుంచీ ఆయన లైనుని నీళ్ళమీద నిలవనివ్వలేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక ఆదివారం ఈ ఆత్రమే కొంప ముంచింది. స్క్వామిష్‌లో పొద్దున గాలి కొండల నుంచి సముద్రం వైపు దిగుతుంది, మధ్యాహ్నం తిరగబడి సముద్రం నుంచి పైకి వీస్తుంది. గాలి తిరగబడితే కాస్టు వేసే పక్కా మార్చాలి, చేతులూ మార్చాలి: ఎడమచెయ్యి పైకి, కుడిచెయ్యి కిందకి. లేకపోతే గాలం గాలికి కొట్టుకొచ్చి మన మీదకే వస్తుంది. "గాలి మారింది అంకుల్, పక్క మార్చండి!" అని రేవంత్ ఎగువ నుంచి అరుస్తూనే ఉన్నాడు. మార్చాలంటే ఒక్క నిమిషం ఆగాలి. ఆయన ఆగలేదు. పాత పక్కనే తిప్పి కొట్టాడు. లైను ముందుకి వెళ్ళింది కానీ ఈగ వెనకే ఉండిపోయి, వస్తూ వస్తూ చెవి తమ్మెలో దిగింది. కొసన వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలం కాబట్టి రేవంత్ చిటికెలో తీసేశాడు. చేతులు మాత్రం రేవంత్‌కే వణికాయి.

"ఇంచు పక్కకి పోతే కన్ను పోయేది," అన్నాడతను కోపంగా. "ఆగుడు నేర్చుకునేదాకా మిమ్మల్ని తీస్కరాను. నిజంగ చెప్తున్న."

ఇంట్లో శకుంతల ప్లాస్టరు చూసింది. "ఈ వయసులో చెవులు కుట్టించుకున్నారా?" అని నవ్వింది. దగ్గరకొచ్చి విప్పి చూసింది, ఇక నవ్వలేదు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారని అడిగింది. స్టూలు మీద కూర్చోబెట్టి దూదితో తుడుస్తోంది. కాశీవిశ్వనాథం చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. టేబుల్ మీద కనబడ్డ నాప్కిన్ లాక్కుని మడతపెట్టడం మొదలెట్టాడు. విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"కదలకండి," అంది ఆమె.

"కదలడం లేదుగా."

"వచ్చే వారం నేనూ వస్తాను."

"నీకెందుకు శకుంతలా ఆ చలిలో! మూత్రానికి వెళ్ళాలన్నా అడవే."

"ముప్ఫై ఏళ్ళు ఇతరుల చెవులూ ముక్కులూ చూశాను. ఇప్పుడు తీరిక దొరికింది. మా ఆయన ఆదివారమాదివారం ఎక్కడికి పారిపోతున్నాడో చూస్తాను."

పారిపోవడం అన్న మాట ఆమె వేళాకోళానికే అంది. ఆయన వేళాకోళంగా తీసుకోలేదు. వారమంతా దారులు వెతికాడు. జలుబన్నాడు, ఆమె మాత్ర ఇచ్చింది. వాన పడుతుందేమో అన్నాడు, ఆమె ఫోన్‌లో ఎండ చూపించింది. రేవంత్ తీసుకెళ్ళనన్నాడుగా అని చివరి అస్త్రం వేశాడు. శకుంతల అప్పటికే రేవంత్‌కి ఫోన్ చేసి బతిమాలి ఒప్పించింది. అతను ఒక్క షరతు పెట్టాడు.

"ఇవాళ మీ కాస్టు చూడను అంకుల్," అన్నాడు నది దగ్గర దిగగానే. "ఈగ ఒడ్డు దాకా వచ్చేదాకా ఆగుతరా లేదా, అదొక్కటే చూస్త. ఆంటీ, మీరు గమనించండి. నేను ఆ వంపు అవతల ఉంట."

అని ఎగువకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నదీ, గులకరాళ్ళూ, ఒడ్డుకి కొట్టుకొచ్చి తెల్లబడ్డ దుంగ మీద రేవంత్ భార్య దగ్గర అరువు తెచ్చుకున్న బూట్లు తొడుక్కుని కూర్చున్న శకుంతలా మిగిలారు.

కాశీవిశ్వనాథం మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. మొదటి కాస్టు వేసి, తన మామూలు ప్రకారం నది మధ్యలోనే లాగేశాడు. రెండోదీ అంతే. వెనక రాళ్ళు కదిలిన చప్పుడైంది. శకుంతల దుంగ దిగి, ఫ్లాస్కు వదిలేసి, నీళ్ళ అంచుదాకా వచ్చింది. అక్కడా ఆగలేదు. చీలమండల లోతులోకి దిగి చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది.

"ఒడ్డు దాకా రానివ్వాలటగా. మీరెందుకు రానివ్వడం లేదు?"

"ఇక్కడ చేపలేదు. వృథా."

"అది తెలియాలన్నా రానివ్వాలిగా?"

ఆయన మూడో కాస్టు కొట్టాడు. జీవితంలో అంత మంచి కాస్టు ఆయన వెయ్యలేదు. లైను గాల్లో ఆసాంతం విచ్చుకుని అవతలి గట్టు నీడలో వాలింది. శకుంతల "అబ్బ!" అంది, చిన్నపిల్లలా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చేసిన పని చూసి ఆమె అలా అనడం ఆయనకి జ్ఞాపకం లేదు. వంతెనల్ని చూసి కూడా అనలేదు.

నది లైనుని తీసుకుంది. ఇక చెయ్యడానికి ఏమీ లేదు.

చెయ్యి మొదలెట్టింది. ఆయన వేళ్ళు లైనుని వెతుక్కున్నాయి. లాగెయ్యొచ్చు. లాగి, గాలి మారిందనో చెత్త తగులుకుందనో చెప్పి, ఇంకో కాస్టు కొట్టొచ్చు. ఆ తర్వాత ఇంకోటి. ఇంటికెళ్ళి ఉల్లిపాయలు. రేపు గరాజ్. ఎల్లుండి పక్కింటి గడ్డి. ఒక్కసారిగా ఆయనకి ఒళ్ళంతా అలసట కమ్మింది. ఏడాదిగా ఒక్క పూట కూడా ఆ చేతిని ఒంటరిగా వదల్లేదు. దాన్ని కాపలా కాసీ కాసీ ప్రాణం విసిగిపోయింది. అన్నిటికన్నా ఎక్కువగా, "అబ్బ" అన్న ఆ మనిషి పక్కన దొంగలా నిలబడడం మీద అసహ్యం వేసింది.

లాగలేదు. కర్ర కొస వణుకుతోంది. లైను నీటిని తాకే చోట అలలు ఒకదాని వెనక ఒకటి పుడుతున్నాయి.

"శకుంతలా," అన్నాడు, నది వైపే చూస్తూ. "ఈ చెయ్యి చూడు."

ఆమె చూసింది. ఇంకో అడుగు వేసింది. బూటులోకి నీళ్ళు పోయాయి, పట్టించుకోలేదు. కర్రని ఆయన ఎడమచేతికి మార్చి, కుడి మణికట్టు పట్టుకుని, ముంజేతి కింద రెండో చెయ్యి ఆనించి, పైకీ కిందకీ మెల్లగా వంచింది. పళ్ళచక్రంలా తగులుతూ తగులుతూ వంగింది కీలు. ఆమె ముఖంలోంచి భార్య పోయి డాక్టరు వచ్చింది.

"ఎప్పట్నించి?"

"కిందటి వసంతం."

"వాసనలు తెలుస్తున్నాయా?"

"ఇంగువ తెలియడం లేదు."

"అందుకా పోపు చచ్చిందని నన్ను సాధించారు!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం లేచింది. "ఏడాది! ఈ దేశంలో న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్‌కి ఎన్ని నెలలు పడుతుందో తెలుసా మీకు? ఈపాటికి మందు పడి సగం తగ్గేది. డాక్టర్ని పక్కలో పెట్టుకుని, అమ్మలక్కల దగ్గర ఉల్లిపాయలు తరుగుతూ తిరుగుతారా? ఎందుకు చెప్పలేదు?"

ఏ అబద్ధమూ ఆయన నోటికి రాలేదు.

"మామయ్యగారు పోయాక, సింకు దగ్గర ఒక మాట అన్నావు. ఇంకోసారి నీ వల్ల కాదని. ఎవరికైనా సరే అని."

శకుంతల ఆ మాట మరిచిపోయి ఉంటుందని, లేదు, కాదు, అలా అనలేదని బుకాయిస్తుందని ఆయన ఆశపడ్డాడు. ఆమె బుకాయించే రకం కాదు.

"అన్నాను," అంది. "నిజమే చెప్పాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. నాకు ఓపిక లేదండీ."

ఆయన తల దించుకున్నాడు. ఏడాది పొడుగునా ఏ మాట ఎదురుపడకూడదని ఇల్లూ ఊరూ తిరిగాడో, అదే మాట ఎదురుగా నిలబడింది. ఈగ తిరుగుడు పూర్తయి ఎప్పుడో ఒడ్డు దగ్గరికి వచ్చి వేలాడుతోంది. ఆయన చూడలేదు. చెయ్యి విడిపించుకోబోయాడు. ఆమె వదల్లేదు. గట్టిగా, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

"ఏమనుకున్నారు మీరు?" అంది శకుంతల. బూట్లలో చన్నీళ్ళతో, చెంపల మీద కన్నీళ్ళతో, కోపంతో నిలువెల్లా వణుకుతోంది. ఇద్దరిలో ఎవరి చెయ్యి ఎవరిని వణికిస్తోందో తెలియడం లేదు. "నాన్నకి నేను ఓపిక ఉండి చేశాననుకున్నారా?"